నలువది నియోజకవర్గాల గణితం: వర్జీనియా సెనేట్ ఎన్నికలు

ఎన్నికల ఫలితాలు వెలువడగానే ఏ పక్షానికి ఎన్ని స్థానాలు లభించాయో చూచి పత్రికను మడిచివేయడం మనకు పరిపాటి. కాని ఆ మొత్తం వెనుక ఒక్కొక్క నియోజకవర్గం వేరొక పాఠం చెబుతుంది. ఈ విషయాన్ని అమెరికాలోని వర్జీనియా రాష్ట్ర సెనేట్ ఫలితాల ఆధారంగా విద్యార్థులకు వివరింపదలచాము.

మన శాసన మండలి సభ్యులను శాసనసభ్యులు, స్థానిక సంస్థలు, పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకొంటారు; కొందరిని గవర్నరు నియమిస్తారు. వర్జీనియాలో పద్ధతి వేరు. అక్కడి ఎగువ సభయైన సెనేట్‌కు 40 నియోజకవర్గాలు ఉన్నాయి. ఒక్కొక్క దాని నుండి ఒక్కొక్క సభ్యుని సామాన్య ఓటర్లే నాలుగేళ్లకు ఎన్నుకొంటారు. సభ్యుల సంఖ్య సరిసంఖ్య కనుక ఉభయ పక్షాలూ సమానమయ్యే అవకాశం ఎల్లప్పుడూ ఉన్నది. అట్టి సమయంలో సభాధ్యక్షుడైన లెఫ్టినెంట్ గవర్నరు నిర్ణాయక ఓటు వేస్తారు.

2011లో అదే జరిగింది. 17వ నియోజకవర్గంలో రిపబ్లికన్ అభ్యర్థి రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతో గెలుపొందగా ఉభయ పక్షాలకు చెరి 20 స్థానాలు దక్కాయి. లెఫ్టినెంట్ గవర్నరు రిపబ్లికన్ కావడంతో సభా నిర్వహణ ఆ పక్షం వశమైంది. రెండు వందల ఓట్లనగా ఒక కళాశాలలో మూడు నాలుగు తరగతుల విద్యార్థులు మాత్రమే!

రిచ్‌మండ్ ప్రాంతపు 10వ నియోజకవర్గం మరొక ఉదాహరణ. 2015లో ఇది రిపబ్లికన్లకు దక్కినందున వారి ఆధిక్యం 21–19గా నిలిచింది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు డెమోక్రాట్; ఈ ఒక్క స్థానం చేజారి ఉంటే సభ ఆధిపత్యమే మారిపోయేది. 2019లో ఇక్కడ డెమోక్రాటిక్ అభ్యర్థినిగా గజాలా హష్మీ సుమారు 54 శాతం ఓట్లతో విజయం సాధించారు. సభ 21–19గా డెమోక్రాట్ల పరమైంది. హైదరాబాదులో జన్మించి, బాల్యంలోనే అమెరికాకు వెళ్లి, కళాశాల అధ్యాపకురాలిగా పనిచేసిన ఆమె ఆ సెనేట్‌లో ప్రవేశించిన మొదటి ముస్లిం మహిళ.

సరిహద్దుల ప్రభావం కూడ గమనింపదగినది. 2021 చివర రాష్ట్ర సుప్రీం కోర్టు కొత్త హద్దులను ఆమోదించింది. ఆ హద్దులపై జరిగిన 2023 ఎన్నికలలో హష్మీ 15వ నియోజకవర్గం నుండి ఎన్నికైనారు. ఫలితం మరల 21–19. నియోజకవర్గాల రూపురేఖలు మారినా ఆధిక్యం ఒక్క స్థానం మీదనే నిలిచింది. 2025 నవంబరులో ఆమె లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికైనారు. ఏ స్థానం కోసం పోటీ చేసి రాజకీయాలలో ప్రవేశించారో, ఆ సభకే అధ్యక్షత వహించే అర్హత ఆ విధంగా ఆమెకు లభించింది.

కావున ఫలితాలను చదివేటప్పుడు మొత్తాన్ని మాత్రమే గాక, స్వల్ప తేడాలతో తేలిన స్థానాలను విడిగా గుర్తించుట అలవరచుకొనవలెను. మన దేశంలో 1989 నుండి పదునెనిమిదేళ్లు నిండిన వారికి ఓటు హక్కు ఉన్నది. మన తరగతులలో ఎందరి పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నాయో ఒకసారి లెక్కించి చూచుకొందము. ఈ పాఠానికి అదియే మొదటి అభ్యాసము.