మెహందీ కోన్‌తో బొబ్బలు లేస్తే ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది శంషాబాద్. ఇంట్లో పెళ్లని బజార్లో కొన్న మెహందీ కోన్‌తో మా ఏడేళ్ల పాపకు చేతులనిండా పెట్టాం. గంటలోనే నల్లగా పండింది. మర్నాటికి గీత గీతకీ బొబ్బలు లేచాయి. ‘మీ పాప ఒంటికి పడలేదు, నేనేం చేయను?’ అంటున్నాడు దుకాణదారు. బిల్లు తీసుకోలేదు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ముందు పాపను చర్మవైద్యులకు చూపించి, దేనివల్ల వచ్చిందో చీటీలో రాయించండి. మందుల షాపులో అడిగి ఏ స్టెరాయిడ్ క్రీమో రాయకండి. బొబ్బల ఫొటోలు తీయండి. వాడేసిన కోన్‌నూ పారేయొద్దు.

‘పడలేదు’ అన్న మాటతో బాధ్యత తీరదు. గోరింటాకు గంటలో నల్లగా పండదు. అలా పండిందంటే తలరంగుల్లో వాడే పీపీడీ లాంటి రసాయనం కలిసి ఉండవచ్చు. హైదరాబాద్‌లోనే లైసెన్సు లేకుండా తయారైన కోన్లలో పిక్రామిక్ యాసిడ్ అనే మరో రసాయనం ఉన్నట్టు తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం (డీసీఏ) గుర్తించింది.

సౌందర్య సాధనాల నిబంధనలు, 2020 ప్రకారం లేబుల్‌పై తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు, అందులో కలిపిన పదార్థాలు ఉండాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉండాలి. ఇవి లేకపోతే డీసీఏ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు చెప్పండి. ఔషధ, సౌందర్య సాధనాల చట్టం సెక్షన్ 26 కింద, కొన్న వస్తువును నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడితో పరీక్ష చేయించుకునే హక్కు మామూలు పౌరుడికీ ఉంది.

నష్టపరిహారానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఉంది. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే బాధ్యుడు. బిల్లు లేకున్నా ఫోన్‌పే చేసిన వివరాలు సాక్ష్యంగా పెట్టవచ్చు. మీరు ఉండేచోటే, అంటే రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి సలహా తీసుకోండి.

రెండు ఇబ్బందులు కూడా చెప్పాలి. లేబుల్‌పై అన్నీ సరిగ్గా రాసి, హెచ్చరికా ఇచ్చిన వస్తువు ఒక్క బిడ్డకే పడకపోతే కేసు బలహీనం. దుబాయ్ నుంచి చుట్టాలు తెచ్చిచ్చిన కోన్ అయితే ఇక్కడ అమ్మినవాడంటూ ఉండడు, పరిహారం రావడం కష్టం. మీది ఇక్కడ కొన్నదే కాబట్టి ధైర్యంగా ముందుకు వెళ్లండి.

మిగతా తల్లిదండ్రులకు ఒక్క మాట: లైసెన్సు నంబరు లేని కోన్‌ను పిల్లల చేతికి పెట్టకండి.