బంతిని విడిచిన చూపు

గోదావరి జిల్లాలలో సంక్రాంతికి గాని, వేసవి సెలవులకు గాని జరుగు ఆటలపోటీలలో తీర్పరిగా నిలుచుటకు ప్రత్యేకమైన చదువొకటి వలయునని పెక్కుమంది తలంపరు. చెడుగుడు బరిలో కూతకు పోయినవాని చుట్టునే ఆట యంతయు తిరుగును గనుక, వాని కూతను, కాళ్లను, మధ్యగీతను కనిపెట్టగల పెద్దమనిషి యొకడున్న చాలునని లోకము నమ్మిక. ఆ నమ్మికతోనే, ఒకప్పుడు కళాశాల జట్టులో బాస్కెట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకొని, నేడు పిల్లల పోటీకి మెడలో ఈల వేసికొని వచ్చిన యువకుడు మొదటి పదినిమిషముల భాగము ముగియకముందే తెల్లబోవుట కద్దు. అతనికి ఆట తెలియకపోలేదు. తెలిసిన ఆటను ప్రేక్షకుని కన్నులతో చూచుటయే చిక్కు. బంతి యెటు పోయిన అతని చూపటు పోవును. బంతి లేని చోట నొకడు మరియొకని చొక్కా పట్టి లాగుటయు, మోచేయి ప్రక్కటెముకలకు తగులుటయు అతని కంటబడవు. కావున నూతన రిఫరీ అభ్యసింపవలసిన మొదటి విద్య బంతిని విడిచి చూచుట.

ఇది నేటి శిక్షకులు కల్పించిన సూక్ష్మము కాదు. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు వై.ఎం.సి.ఏ. శిక్షణాలయమున జేమ్స్ నెయిస్మిత్ అను కెనడా దేశీయుడు పదునెనిమిదిమంది విద్యార్థులకై ఈ క్రీడను కల్పించి 13 నియమములను వ్రాసినపుడే తీర్పరుల చూపును రెండుగా పంచియుంచెను: అంపైరు మనుష్యులకు న్యాయాధిపతి, రిఫరీ బంతికి న్యాయాధిపతి. తొలుత ఆడించినపుడు పిల్లలు కలియబడి, గుద్దులాడి, కన్నులు కమలునట్లు కొట్టుకొనిరనియు, బంతి పట్టుకొని పరుగెత్తరాదను నియమమే అన్నిటను ముఖ్యమైనదనియు ఆయన 1939లో, జీవితపు చివరి సంవత్సరమున, రేడియోలో చెప్పెను. నేడు మనము ట్రావెలింగ్ అని ఈల వేయునది ఆ దెబ్బలనుండి పుట్టిన నియమమునకే. యాబది అధికరణముల నేటి అంతర్జాతీయ నియమగ్రంథమును చేతబట్టిన యువకుడు, ప్రతి నియమము వెనుకను ఏ గాయమున్నదో, ఏ మోసమున్నదో యని అడుగుచు చదివెనేని, కంఠస్థము చేయవలసిన శ్రమ సగము తగ్గును.

మన ప్రాంతమునకు ఈ విద్య దూరపు చుట్టము కాదు. స్ప్రింగ్‌ఫీల్డులోనే చదివిన హారీ క్రో బక్ 1920లో మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించెను. గోదావరి జిల్లాలు ఆనాడు మదరాసు రాజధానిలోనివే గనుక, డ్రిల్లు మాస్టారుల శిక్షణకు మనవారికిని ఆ నగరమే దిక్కు. 1874లో కాకినాడకు వచ్చి, నేటికిని అచటి ఉన్నత పాఠశాల పేరున నిలిచియున్న మెక్లారిన్ దొరయు నెయిస్మిత్ వలెనే కెనడానుండి వచ్చినవాడగుట యాదృచ్ఛికమే యైనను, తలచుకొనుటకు ముచ్చటగా నుండును.

కొలతలును అంకెలును త్వరలోనే పట్టుబడును. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల మైదానము, 3.05 మీటర్ల ఎత్తున బుట్ట. బుట్ట క్రింది గడిలో 3 సెకండ్లు, గీత వెలుపలనుండి బంతి విసరుటకు 5, తన సగము దాటుటకు 8, బుట్టకు వేయుటకు 24. అయిదవ ఫౌలుతో ఆటగాడు వెలుపలికి. ఫౌలునకు బిగించిన పిడికిలి, తక్కిన ఉల్లంఘనకు విప్పిన అరచేయి ఎత్తవలయును. బంతి చక్కగా బుట్టలో పడినపుడు మాత్రము ఈల వేయనేరాదని నియమము. జనమంతయు కేకలు వేయు ఆ క్షణమున తానొక్కడు మౌనముగా నుండవలయుననుట క్రొత్తవానికి మంచి అభ్యాసము.

కష్టమంతయు అంకెలు ముగిసిన చోట మొదలగును. చేయి చేతికి సోకినంతమాత్రమున అది ఫౌలు కాదు. సోకినందువలన ఎవనికైనను అన్యాయపు లాభము కలిగినదా యని తూచుమని గ్రంథమే చెప్పుచున్నది. అంతేకాదు, నియమముల అంతరార్థమును, ఇంగితజ్ఞానమును, ఆటపై అదుపునకును ఆట సాగుదలకును నడుమ పొత్తును పాటింపుమని కూడ చెప్పుచున్నది. ప్రతి ఆటగానికిని తాను నిలిచిన చోటును, దానిపైనున్న ఆకాశమును స్వంతము. చేతులెత్తి నిటారుగా పైకెగిరిన రక్షకునిపైకి బంతి వేయువాడే వచ్చి తగిలి నేలగూలినచో, గుంపు జాలి కూలినవానియందుండును గాని రక్షకుడు నిర్దోషి. పడినవానిని చూచి, పడుటకు కారణమును ఊహించి ఈల వేయు తొందర నూతన రిఫరీలందరికిని కలుగునదే. దానిని జయించుటకు ఉపాయ మొక్కటే: పడుటకు ముందే రక్షకుని పాదములను చూచియుండుట, చూడనిచో ఊరకుండుట. మన ఇండ్లలో, కార్యాలయములలో, ఏడ్చువానిని బట్టి నేరమును నిర్ణయించు తీర్పులెన్ని జరుగుచున్నవో లెక్కించినవారు లేరు.

ఇద్దరు రిఫరీలున్న ఆటలో ఒకడు ముందుగా పరుగెత్తి బుట్ట క్రింది చివరిగీతయొద్ద నిలుచును, అతడు లీడ్. వెనుకనుండి వచ్చువాడు ట్రెయిల్. మైదానమును ఇద్దరును పంచుకొందురు. బంతి తోడివాని పాలిభాగముననున్నపుడు తన కన్ను తక్కినవారిపై నుండవలయును. ధవళేశ్వరమునుండి కాకినాడ కాలువపై పడవలు నడచిన కాలమున, లాకు లస్కరు పడవ సొగసును చూచుచు కూర్చుండక, తలుపులకు ఇరువైపుల నీటిమట్టమును కనిపెట్టుకొనియుండుట వంటిది ఈ పని. తోడివాడు తన పరిధిలో ఇచ్చిన తీర్పును కొట్టివేయుటకు గాని, ప్రశ్నించుటకు గాని ఏ రిఫరీకిని అధికారము లేదు. తానే సమస్తమును చూడవలయునను అహంకారముతో వచ్చిన తెలివైన యువకులకు ఈ నియమము మింగుడుపడదు. నా దృష్టిలో వ్యక్తిత్వమునకు ఇంతకంటె మేలైన పాఠము ఆ గ్రంథమున మరియొకటి లేదు.

ఇక మన జనము సంగతి. గోదావరి వెటకారము జగత్ప్రసిద్ధము. ఆరుబయటి సిమెంటు కోర్టులో గీతకు బారెడు దూరమున కూర్చున్నవారు రిఫరీ కన్నులను గూర్చియు, అతని అత్తవారి ఊరిని గూర్చియు పలుకు చమత్కారములు అతని చెవిన పడకపోవు. బదులు చెప్పిన రిఫరీ ఆ పూటకు ఆటగాడైపోవును. వాన పడినచో చిక్కు మరింత హెచ్చు. 1936లో బెర్లిన్ ఒలింపిక్సు తుదిపోటీ ఆరుబయట, వానలో, బురదనేలపైననే జరిగి, అమెరికా కెనడాను 19–8తో గెలిచెను. అట్లని తడిసిన సిమెంటుపై పిల్లలను ఆడింపుమని అర్థము కాదు. నియమములలో ప్రత్యేకముగా చెప్పని విషయమున తీర్మానించు అధికారము ప్రధాన రిఫరీది. దానిని వాడుటకు వెనుకాడువాడు ఈల ధరింపకుండుటయే మేలు.

పొరపాటు జరిగిన నేమి గతి? ఈయవలసిన ఫ్రీత్రో ఈయకపోవుట, ఈయరానిది ఇచ్చుట, ఒకనికి బదులు వేరొకనిచే వేయించుట వంటి లోపములను, గడియారము తిరిగి నడచిన పిదప బంతి మొదటిసారి నిలిచి మరల ఆటలోనికి రాకముందే గుర్తించినచో సవరింపవచ్చును. ఆ గడువు దాటెనా, సవరణ లేదు. తాకెనా తాకలేదా యను కంటితీర్పునకు, వీడియో లేని మన ఊరి ఆటలలో, ఆ పాటి గడువును లేదు. ఇంటికి పోయి రాత్రి పక్కపై మరల తీర్పు వ్రాయబూనువాడు తనకు లేని అధికారమును వాడుచున్నాడు: స్కోరు షీటును పరిశీలించి ప్రధాన రిఫరీ సంతకము చేసిన క్షణముననే ఆ ఆటతో రిఫరీల సంబంధము ముగియునని నియమగ్రంథము స్పష్టముగా వ్రాసియున్నది.