దవడ కీలు నొప్పి ఎందుకు?

చెవి ముందు వేలు ఆనించి, నోరు మెల్లగా తెరచి మూయండి. వేలి కింద ఏదో కదులుతోంది కదూ? అదే దవడ కీలు. నోరు తెరిచినప్పుడు కింది దవడ ఎముక మొదట తలుపు బందులా తిరుగుతుంది. తరువాత ముందుకు జారుతుంది. ఎముకల మధ్యనున్న మెత్తని బిళ్ళ ఒరిపిడిని తగ్గిస్తుంది. 'టక్'మని చప్పుడైనా, నొప్పి లేకపోతే భయం లేదు.

పరీక్షల ఆందోళనతో పళ్ళు బిగబట్టినా, గోళ్ళూ పెన్సిళ్ళూ కొరికినా కండరాలు అలసి నొప్పి పుట్టవచ్చు. అప్పుడు కొన్నాళ్ళు మెత్తని ఆహారం తినండి. గోరువెచ్చని తడిగుడ్డతో కాపడం పెట్టండి. ఆవులించేటప్పుడు గడ్డం కింద చేయి ఆనించండి. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తాకనవసరం లేదు; పెదవులు మూసినా పళ్ళు ఎడంగా ఉంచండి. చాలామందికి ఈపాటి విశ్రాంతితోనే నొప్పి తగ్గుతుంది. నోరు తెరుచుకోకపోయినా, వాపు, జ్వరం వచ్చినా మాత్రం వెంటనే దంతవైద్యునికి చూపించాలి.