కొలొనోస్కోపీకి మత్తు తీసుకోవాలా?

డాక్టరు కొలొనోస్కోపీ రాయగానే మనకు వచ్చే మొదటి భయం నొప్పి గురించే. సిగ్గుతో కొందరు అదీ అడగరు, చీటీ జేబులో పెట్టుకుని నెలలు గడిపేస్తారు. మలంలో రక్తం కనిపిస్తున్నవారికి ఆ ఆలస్యం మంచిది కాదు. అందుకే ఈ మత్తు సంగతి కాస్త వివరంగా తెలుసుకుందాం.

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. కెమెరా ఉన్న మెత్తని గొట్టాన్ని మలద్వారం నుంచి పంపి, పేగును గాలితో ఉబ్బించి లోపలి గోడలు చూస్తారు. పరీక్షకని చిన్న ముక్క తీసినా పేగుకు నొప్పి తెలియదు. సాగితేనే తెలుస్తుంది. వంపుల దగ్గర గొట్టం మెలిక పడినప్పుడు, గాలి నిండినప్పుడు కడుపు పట్టేస్తుంది.

మత్తులోనూ రకాలున్నాయి. మిడజోలమ్ వంటిది నరానికి ఎక్కిస్తే మనిషి మగతగా ఉంటాడు, పిలిస్తే పలుకుతాడు, తర్వాత చాలావరకు గుర్తుండదు. ప్రొపోఫాల్ ఇస్తే గాఢంగా నిద్ర పడుతుంది. దేనితోనైనా ఊపిరి మందగించవచ్చు, బీపీ తగ్గవచ్చు. కనుక గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవారు ముందే చెప్పాలి. మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి నడపకూడదు.

మత్తు లేకుండా చేయించుకోవడం వింతేమీ కాదు. నార్వే, ఫిన్లాండ్‌లలో చాలామందికి అలాగే చేస్తారు, అమెరికాలో దాదాపు అందరికీ మత్తు ఇస్తారు. పేగులు అందరివీ ఒకటే, అలవాట్లే వేరు!

మాతో పనిచేసిన లెక్కల మాస్టారు వెంట వచ్చే మనిషి లేక మత్తు వద్దన్నారు. రెండుచోట్ల పళ్లు బిగబట్టారట. తన పేగును తెర మీద తానే చూసుకుని, కాసేపటికే బస్సెక్కి ఇంటికి వచ్చేశారు. ఆ ధైర్యంతో మేము మా ఖాలాకు కూడా మత్తు వద్దని చెప్పాం. పొరపాటు చేశాం. ఆమెకు గతంలో గర్భసంచి తీసేశారు. అలాంటి ఆపరేషన్ తర్వాత లోపల అతుకులు ఏర్పడి గొట్టం సాగడం కష్టం కావచ్చు. ఆమె నొప్పికి ఓర్వలేక సగంలోనే ఆపించేశారు. మళ్లీ విరేచనాల మందు, మళ్లీ పస్తు, మళ్లీ ఖర్చు. రెండోసారి మత్తుతో పూర్తయింది. మొదటిసారి చేరలేని చోట పాలిప్, అంటే పేగు గోడ మీద పెరిగిన చిన్న కండ దొరికింది. అక్కడే తీసేశారు.

ఇతరుల పరీక్షకు మనం డబ్బు కడుతున్నప్పుడు కూడా మత్తు డాక్టరు ఫీజును అనవసర ఖర్చని కొట్టివేయరాదు. నిర్ణయం పడుకోబోయే మనిషిది. చేతికి సూది పెట్టించుకుని, మత్తు లేకుండా మొదలుపెట్టి, భరించలేనప్పుడు అడిగే వీలుందేమో ముందురోజే కనుక్కోవాలి. వీలుందన్నా సరే, వెంట ఒకరిని తీసుకెళ్లాలి.