పాఠం 14: అసమీకరణాలు – డబ్బు లెక్కలు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• "కనీసం", "మించకూడదు", "కంటే ఎక్కువ" అనే మాటలను గుర్తులతో రాయగలుగుతారు.
• అసమీకరణాన్ని సాధించి, జవాబును సంఖ్యారేఖపై చూపగలుగుతారు.

14.1 మాట నుండి గుర్తుకు

కనీసం: ≥
మించకూడదు: ≤
కంటే ఎక్కువ: >
కంటే తక్కువ: <

14.2 ధాన్యం లెక్క

2023-24 ఖరీఫ్ ధాన్యాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరానికి 21 క్వింటాళ్ళు మించకుండా, క్వింటాలుకు 3100 రూపాయల లెక్కన కొన్నది. అక్కడ బస్తాకు 40 కిలోలు తూస్తారు. కాబట్టి బస్తా ధర 3100 × 0.4 = 1240 రూపాయలు.

ఉదాహరణ 1: రాయపూర్ దగ్గర 2 ఎకరాలున్న ఒక రైతు 80,000 రూపాయల అప్పు తీర్చాలి. ఆపైన ఇంటి ఖర్చుకు కనీసం 30,000 మిగలాలి. ఎన్ని బస్తాలు అమ్మాలి?

సాధన: బస్తాల సంఖ్య "బ" అనుకుందాం.
1240బ − 80,000 ≥ 30,000
1240బ ≥ 1,10,000
బ ≥ 88.7 (సుమారు)

88 బస్తాలకు 1,09,120 రూపాయలే వస్తాయి; 880 తక్కువ పడుతుంది. కాబట్టి కనీసం 89 బస్తాలు కావాలి.

2 ఎకరాలకు హద్దు 42 క్వింటాళ్ళు, అంటే 105 బస్తాలు. కనుక 89 ≤ బ ≤ 105.

సంఖ్యారేఖపై:

88   89   90  …  104   105   106
○    ●    ●   …   ●     ●     ○

ఇక్కడ గీత గీయలేదు, చుక్కలే పెట్టాము. ఎందుకంటే బస్తాలు పూర్ణ సంఖ్యలు.

14.3 గుర్తు ఎప్పుడు తిరుగుతుంది?

ఉదాహరణ 2: రాయపూర్‌లో ఉండే ఒకామె దగ్గర 6000 రూపాయలున్నాయి. వారానికి 250 ఖర్చవుతుంది. విశాఖపట్నం ప్రయాణానికి 1500 కంటే ఎక్కువ మిగలాలి. ఎన్ని వారాలు ఖర్చు పెట్టవచ్చు?

సాధన: వారాల సంఖ్య "వ" అనుకుందాం.
6000 − 250వ > 1500
−250వ > −4500
వ < 18

ఋణ సంఖ్యతో భాగించినప్పుడు గుర్తు తిరుగుతుంది. 2 < 5 నిజం. రెండు వైపులా −1తో గుణిస్తే −2 > −5 అవుతుంది. 18వ వారం కూడా ఖర్చు పెడితే సరిగ్గా 1500 మిగులుతుంది, ఎక్కువ కాదు. అందుచేత 18 దగ్గర ఖాళీ వృత్తం గీయాలి. జవాబు: 17 వారాల వరకు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆ ఏడాది సాధారణ రకానికి మొదట మద్దతు ధర 2183 రూపాయలే చేతికి వచ్చింది. మిగిలిన 917 రూపాయలు 2024 మార్చిలో జమ అయ్యాయి. మొదటి సొమ్ముతోనే 80,000 అప్పు తీరాలంటే ఉదాహరణ 1 లోని రైతు కనీసం ఎన్ని బస్తాలు అమ్మాలి?
2. 5000 − 300వ ≥ 2000 సాధించండి.

జవాబులు

1. బస్తాకు 873.20 రూపాయలు, 873.20బ ≥ 80,000. కనీసం 92 బస్తాలు. 89 బస్తాలు అమ్మితే చివరికి లెక్క సరిపోతుంది గాని, మార్చి వరకు అప్పు కొంత మిగిలే ఉంటుంది.
2. వ ≤ 10.