అరకు శాసనసభ్యుడు, ఆరు నెలల మంత్రి

ఎస్టీ రిజర్వుడ్ స్థానం అరకు లోయ నుంచి 2009లో టీడీపీ తరఫున సివేరి సోమ, 2014లో వైఎస్సార్‌సీపీ తరఫున కిడారి సర్వేశ్వరరావు గెలిచారు. కిడారి 2016లో టీడీపీలో చేరారు. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు వద్ద మావోయిస్టులు ఇద్దరినీ కాల్చి చంపారు. మన్యం మరువలేని విషాదమిది.

పోటీ పరీక్షల అభ్యర్థులు అసలు పట్టుకోవాల్సింది తర్వాతి ఘట్టం. కిడారి కుమారుడు శ్రావణ్ కుమార్ ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే 2018 నవంబరులో మంత్రి అయ్యారు. రాజ్యాంగం 164(4) అధికరణ ప్రకారం అలాంటివారు ఆరు నెలల్లోగా రాష్ట్ర చట్టసభలో సభ్యులు కావాలి. 2019 ఏప్రిల్‌లో పోలింగ్ ముగిసినా ఫలితాలు మే 23న వచ్చాయి. గడువు అంతకుముందే తీరిపోనుండటంతో ఆయన రాజీనామా చేశారు. అరకులో ఓడిపోయారు కూడా.

ఇలా గడువులోగా సభ్యులు కాలేకపోయినవారిని, ఎన్నిక కాకుండా అదే శాసనసభ కాలంలో మళ్లీ మంత్రిని చేయడం చెల్లదని ఎస్.ఆర్. చౌధురి కేసులో (2001) సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తీర్పును 164(4)తో కలిపి చదవండి.