లైటు వెలగనప్పుడు ఎక్కడ వెతకాలి?



కిందటి ఏడాది మన వార్షికోత్సవం మీకు గుర్తుండే ఉంటుంది. కాకినాడ నాటకాల ఊరు. ఎస్.వి. రంగారావు, అంజలీదేవి వంటివారు సినిమాల్లోకి వెళ్లకముందు ఇక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు వేశారు. అలాంటి ఊళ్లో మన పిల్లల నాటిక రెండు ట్యూబ్‌లైట్ల కింద ఆడటం బాగుండదని, పూర్వ విద్యార్థులం కొంతమందిమి చందాలు వేసుకుని ఎనిమిది ఎల్‌ఈడీ పార్ లైట్లు అద్దెకు తెచ్చాం. వాటిని కంప్యూటర్‌తో నడపాలి. తీరా సాయంత్రం నాలుగున్నరకు అన్నీ బిగించి చూస్తే ఒక్క లైటూ వెలగలేదు.

లైట్లు తెచ్చిన మనిషి స్టేజీ దగ్గర నిలబడ్డ తొమ్మిదో తరగతి తమ్ముణ్ణి చూపించి, "ఆయ్, ఈ కుర్రోడు వైరు లాగాడండి. డబ్బా పోయిందండి. దీని ఖరీదు ఎవరు కడతారండి?" అన్నాడు. తమ్ముడి ముఖం పాలిపోయింది. అతను చేసిందల్లా మేము చెప్పినట్టు కేబుల్ తెచ్చి గుచ్చడమే. అయినా ఎదురు చెప్పలేకపోయాడు. ఎందుకంటే తను ఏం చేశాడో తెలుసు గానీ, ఆ డబ్బా ఏం చేస్తుందో తెలియదు. నిజం చెప్పాలంటే అప్పటికి మాకూ పూర్తిగా తెలియదు.

గంటన్నర తర్వాత లైట్లు వెలిగాయి. డబ్బా పాడవలేదు. తమ్ముడి తప్పూ లేదు. ఆ గంటన్నరలో మేము ఏ వరసలో వెతికామో, ఏ వరసలో వెతికి ఉంటే పావుగంటలో అయిపోయేదో ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాం.

ముందు దారి తెలుసుకోవాలి

కంప్యూటర్ నుంచి లైటు దాకా ఆజ్ఞ ఏ దారిన వెళుతుందో ఒక కాగితం మీద గీసుకోండి. మా దారి ఇది: కంప్యూటర్‌లోని లైటింగ్ ప్రోగ్రాము, కంప్యూటర్ నెట్‌వర్క్ పోర్టు, లాన్ కేబుల్, కంట్రోలర్ డబ్బా, డీఎంఎక్స్ కేబుల్, మొదటి లైటు, దాని నుంచి రెండో లైటు, అలా ఎనిమిదో లైటు వరకు.

ఇందులో రెండు భాషలు ఉన్నాయి. లైట్లకు అర్థమయ్యే భాష పేరు డీఎంఎక్స్-512. అమెరికాలోని రంగస్థల సాంకేతిక సంస్థ యూఎస్ఐటీటీ దీన్ని 1986లో రూపొందించింది. ఒక కేబుల్ మీద 512 ఛానళ్లు ఉంటాయి. ఒక్కో ఛానల్ విలువ 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. ఎరుపు ఛానల్‌కు 0 ఇస్తే ఎరుపు ఉండదు, 255 ఇస్తే పూర్తి ఎరుపు వస్తుంది. 512 విలువలూ సెకనుకు సుమారు 44 సార్లు మళ్లీ మళ్లీ వెళుతూనే ఉంటాయి. ఇలా 512 ఛానళ్ల ఒక గుంపును ఒక యూనివర్స్ అంటారు.

రెండోది కంప్యూటర్‌కూ డబ్బాకూ మధ్య నడిచే భాష. దాని పేరు ఆర్ట్-నెట్. లండన్‌లోని ఆర్టిస్టిక్ లైసెన్స్ అనే సంస్థ 1998లో దీన్ని విడుదల చేసింది. డీఎంఎక్స్ విలువలను మామూలు నెట్‌వర్క్ ప్యాకెట్లలో పెట్టి పంపడమే దీని పని. ఈ ప్యాకెట్లు యూడీపీ పద్ధతిలో, 6454 నంబరు పోర్టు మీద వెళతాయి. యూడీపీ అంటే మామూలు పోస్టులో వేసిన ఉత్తరం లాంటిది. చేరిందో లేదో పంపినవారికి రశీదు రాదు. అందుకే మా ప్రోగ్రాము ఏ తప్పూ చూపించకుండా, అన్నీ పంపుతున్నానన్నట్టు నడుస్తూనే ఉంది. లైట్లు మాత్రం చీకటిగా ఉన్నాయి.

మొదటి మెట్టు: కళ్లతో చూడటం

ముందుగా లైటు బాగుందా అని చూడాలి. చాలా ఎల్‌ఈడీ లైట్ల వెనక మెనూ బటన్లు ఉంటాయి. వాటితో లైటును సొంతంగా వెలిగించవచ్చు. మేము ఎనిమిదింటినీ అలా వెలిగించి చూశాం. అన్నీ వెలిగాయి. అంటే కరెంటు, లైట్లు రెండూ బాగున్నట్టే.

తర్వాత లాన్ పోర్టు దగ్గర ఉండే చిన్న దీపాలు చూడాలి. కేబుల్ రెండు కొసలా సరిగా కూర్చుంటే లింకు దీపం వెలుగుతుంది. వెలగకపోతే కేబుల్ మార్చండి. మనది సముద్రపు ఊరు. ఉప్పుగాలికి కనెక్టర్లలోని లోహం మసకబారుతుంది. ఒకసారి తీసి మళ్లీ గుచ్చితే కలిసిన సందర్భాలు మేము చూశాం. కొత్త పరికరాల్లో చాలావరకు తిన్నని కేబుల్, క్రాస్ కేబుల్ అనే తేడా అవసరం లేదు. అవే సర్దుకుంటాయి.

మేమంతా లాప్‌టాప్ చుట్టూ గుమిగూడి ఉంటే, ఆ తమ్ముడే డబ్బా దగ్గర కూర్చుని, "అన్నా, ఇక్కడ పచ్చ దీపం వెలుగుతోంది" అన్నాడు. మేము పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే డబ్బాకు కరెంటు ఉందనీ, కేబుల్ కలిసిందనీ అప్పుడే తేలిపోయేది. ఆ మాట వినకుండా మూడు కేబుళ్లు మార్చాం. అరగంట పోయింది.

రెండో మెట్టు: చిరునామా

నెట్‌వర్క్‌లో ప్రతి పరికరానికీ ఒక ఐపీ చిరునామా ఉంటుంది. దాని పక్కనే సబ్‌నెట్ మాస్క్ ఉంటుంది. మాస్క్ 255.0.0.0 అయితే చిరునామాలో మొదటి అంకె పేట పేరు, మిగిలిన మూడూ కలిపి డోరు నంబరు అనుకోండి. ఒకే పేటలో ఉన్నవారు నేరుగా మాట్లాడుకోగలరు. వేరే పేట వారితో మాట్లాడాలంటే మధ్యలో రౌటర్ ఉండాలి. కాకినాడ నుంచి జగన్నాథపురం వెళ్లాలంటే ఉప్పుటేరు మీద వంతెన దాటాలి కదా! రౌటర్ ఆ వంతెన లాంటిది. మేము లాప్‌టాప్‌ను, డబ్బాను ఒకే కేబుల్‌తో నేరుగా కలిపాం. మధ్యలో వంతెన లేదు. కాబట్టి రెండూ ఒకే పేటలో ఉండి తీరాలి.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొడితే లాప్‌టాప్ చిరునామా కనిపిస్తుంది. మాది 169.254తో మొదలైంది. ఈ అంకెలు కనబడితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్ చిరునామా కోసం అడిగింది, ఇచ్చేవారు ఎవరూ లేరు, అందుకని తనకు తానే ఒకటి పెట్టుకుంది అని దాని అర్థం.

మరి డబ్బా చిరునామా ఎంత? తెచ్చిన మనిషిని అడిగితే తెలియదన్నాడు. ఈసారి తమ్ముడు డబ్బాను తిరగేసి, కింద అంటించిన కాగితం చదివాడు: 2.0.0.50. ఆర్ట్-నెట్ పరికరాలకు 2తో గానీ 10తో గానీ మొదలయ్యే చిరునామాలు పెట్టడం మొదటి నుంచీ ఉన్న అలవాటు. లాప్‌టాప్ 169 పేటలో, డబ్బా 2 పేటలో ఉన్నాయి. మేము పంపే ఉత్తరాలు ఎలా చేరతాయి?

లాప్‌టాప్ నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్లి చిరునామా 2.0.0.10 అని, మాస్క్ 255.0.0.0 అని చేత్తో రాశాం. గేట్‌వే ఖాళీగా వదిలేశాం. లాప్‌టాప్‌కు కూడా 2.0.0.50 పెట్టకూడదు. రెండు ఇళ్లకు ఒకే డోరు నంబరు ఉంటే పోస్ట్‌మాన్‌కు వచ్చే ఇబ్బందే ఇక్కడా వస్తుంది.

మూడో మెట్టు: పిలిచి చూడటం

పింగ్ 2.0.0.50 అని కొట్టాలి. డబ్బా ఉంటే జవాబు వస్తుంది. లేకపోతే సమయం మించిపోయిందనో, చేరలేదనో వస్తుంది. మాకు జవాబు రాలేదు! అందరం నీరుగారిపోయాం. కారణం వైఫై. లాప్‌టాప్ అదే సమయంలో ఒక స్నేహితుడి సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌కు కూడా కలిసి ఉంది. ఆ గాభరాలో కొత్త చిరునామాను వైఫై కార్డుకు రాసేశాం. లాన్ కార్డు ఇంకా 169.254 మీదే ఉంది. వైఫై ఆపేసి, సరైన కార్డుకు మళ్లీ రాశాం. ఈసారి నాలుగు పిలుపులకూ నాలుగు జవాబులు వచ్చాయి.

ఈ పని చేసేటప్పుడు వైఫై ఆపడం మంచిది. 2తో మొదలయ్యే చిరునామాలు ఈనాడు ఇంటర్నెట్‌లో వేరేవారికి కేటాయించినవి. వైఫై ఉంటే మన పిలుపు స్టేజీ మీది డబ్బాకు కాకుండా బయటి లోకంలోకి పోయే ప్రమాదం ఉంది.

మరో సంగతి. పింగ్‌కు జవాబు వస్తున్నా ప్రోగ్రాములోని పరికరాల జాబితాలో డబ్బా పేరు కనబడకపోతే ఫైర్‌వాల్‌ను అనుమానించండి. అది బయటికి వెళ్లే ప్యాకెట్లను వదిలి, లోపలికి వచ్చే జవాబులను ఆపుతుంది. ఫైర్‌వాల్ మొత్తం తీసేయనవసరం లేదు. ఆ ఒక్క ప్రోగ్రాముకు అనుమతి ఇస్తే చాలు.

నాలుగో మెట్టు: యూనివర్స్ నంబరు

పింగ్ వచ్చింది, లైట్లు మాత్రం వెలగలేదు. కానీ ఇప్పుడు వెతకాల్సిన చోటు తగ్గిపోయింది. కేబుల్, కార్డు, చిరునామా, డబ్బాలోని నెట్‌వర్క్ భాగం, ఇవన్నీ బాగున్నాయని తేలిపోయింది. మిగిలింది ప్రోగ్రాము ఏం పంపుతోంది, డబ్బా దేని కోసం ఎదురుచూస్తోంది అన్నదే.

ఆర్ట్-నెట్‌లో యూనివర్స్‌లను 0 నుంచి లెక్కపెడతారు. కొన్ని ప్రోగ్రాములు, కొన్ని డబ్బాలు 1 నుంచి లెక్కపెట్టి చూపిస్తాయి. మా ప్రోగ్రాము 1కి పంపుతోంది, డబ్బా 0 కోసం చూస్తోంది. ప్రోగ్రాములో అంకె మార్చగానే డబ్బా మీది డేటా దీపం మినుకుమంది. ఆ వెంటనే మొదటి లైటు నీలంగా వెలిగింది. పిల్లల కేకలకు వార్డెన్ గారు ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చారు.

ఐదో మెట్టు: డబ్బా నుంచి లైట్ల దాకా

మొదటి మూడు లైట్లు సరిగా వచ్చాయి. మిగిలినవి మనం చెప్పని రంగులు చూపించాయి. ఇక్కడ చూడాల్సినది లైటు ప్రారంభ సంఖ్య. మా లైటు ఒక్కోదానికి 7 ఛానళ్లు కావాలి. కాబట్టి ప్రారంభ సంఖ్యలు 1, 8, 15, 22, 29, 36, 43, 50 ఉండాలి. నాలుగో దాని నుంచి ఎవరో పాత కార్యక్రమానికి పెట్టిన సంఖ్యలే ఉండిపోయాయి. ఎక్కాలు వచ్చిన తమ్ముళ్లు రెండు నిమిషాల్లో సరిచేశారు.

లైట్లు మినుకుమినుకుమంటుంటే చివరి లైటుకు టెర్మినేటర్ పెట్టాలి. అది 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న చిన్న ప్లగ్గు. సంకేతం కేబుల్ చివర తగిలి వెనక్కి రాకుండా అది ఆపుతుంది. మైకు కేబుల్ చూడటానికి డీఎంఎక్స్ కేబుల్ లాగే ఉన్నా, దూరం ఎక్కువైతే దానితో ఇలాంటి చికాకులు వస్తాయి. ప్రోగ్రాములో మాస్టర్ స్లైడర్ సున్నా దగ్గర ఉందేమో కూడా చూడండి. నవ్వకండి, చాలామందికి జరిగేదే.

గుర్తుంచుకోవలసినవి

1. దారి కాగితం మీద గీయండి.
2. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినది రాసి పెట్టుకోండి. ఫలితం లేకపోతే తిరిగి యథాస్థానంలో పెట్టండి.
3. దారి మధ్యలో చూడండి. డబ్బా మీది డేటా దీపం మినుకుతుంటే కంప్యూటర్ నుంచి ఏదో వస్తున్నట్టే, కాబట్టి ముందు లైట్ల వైపు వెతకండి. మినుకకపోతే కంప్యూటర్ వైపు వెతకండి. ఒక్క చూపుతో సగం పని తగ్గుతుంది.
4. తడి చేతులతో, తడి నేల మీద కరెంటు ప్లగ్గులు ముట్టుకోవద్దు. ఆ పని ఎలక్ట్రీషియన్‌కు వదలండి.
5. తప్పు ఎక్కడుందో తేలకముందు ఎవరి మీదా వేయవద్దు.

ఈ పాఠం స్టేజీ లైట్లతో ఆగిపోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని దెబ్బతీశాక, అక్కడ తొంభై వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. 2015 జనవరిలో దేశమంతటికీ ఎల్‌ఈడీ వీధి దీపాల పథకం మొదలైంది. మన కాకినాడ 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 స్మార్ట్ సిటీల జాబితాలో చోటు సంపాదించింది. ఇలాంటి వీధి దీపాల ఏర్పాట్లలో కొన్ని దీపాలకు కలిపి ఒక కంట్రోల్ బాక్సు పెట్టి, సెల్‌ఫోన్ నెట్‌వర్క్ ద్వారా దూరాన ఉన్న కంప్యూటర్‌తో కలుపుతారు. వీధి చీకటైతే అక్కడా ఇవే ప్రశ్నలు వేయాలి. దీపమా, వైరా, బాక్సా, సిమ్మా, చిరునామానా? ఈ ప్రశ్నలు వరసగా వేయగలిగిన వారికి ఐటీఐ చదివినా, డిప్లొమా చదివినా, ఇంజనీరింగ్ చదివినా పని దొరుకుతుంది.

మనలో చాలామందికి ఖరీదైన వస్తువును ముట్టుకోవాలంటే భయం. చెడిపోతే కట్టే స్తోమత మన ఇళ్లలో లేదు కాబట్టి ఆ భయం వచ్చింది. మాకూ ఉండేది. అంకెలు చూడటం, పింగ్ కొట్టడం, దీపం గమనించడం వల్ల ఏ డబ్బా పాడవదు. ముందు వాటితో మొదలుపెట్టండి.

ఆ రాత్రి నాటిక అరగంట ఆలస్యంగా మొదలైనా బాగా జరిగింది. లైట్లు నడిపింది ఆ తొమ్మిదో తరగతి తమ్ముడే. సామాను సర్దేటప్పుడు లైట్ల మనిషి అతని దగ్గరకు వచ్చి, "ఆ అంకెలు నాకూ రాసియ్యి బాబూ" అన్నాడు. తమ్ముడు నోటుపుస్తకంలో కాగితం చింపి, రెండు చిరునామాలూ, మాస్కూ, యూనివర్స్ నంబరూ, ఎనిమిది ప్రారంభ సంఖ్యలూ పొందికగా రాసి ఇచ్చాడు.

ఈ ఏడాది వార్షికోత్సవానికి లైట్ల పని పూర్తిగా మీరే చూసుకుంటారని ఆశిస్తున్నాం. మేము ముందు వరసలో కూర్చుని చూస్తాం.